ఎగెర్సుండ్ దగ్గర కూలిన గ్లైడర్: ప్రమాదం ఎక్కడ ఆగింది, హత్య ఎక్కడ మొదలైంది

నార్వే నైరుతి తీరంలో ఎగెర్సుండ్ అనే చిన్న ఓడరేవు పట్టణం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం సాగుతుండగా, 1942 నవంబర్ 19 రాత్రి ఆ పట్టణానికి దగ్గర్లో, హెల్లెలాండ్ కొండల్లో, ఇంజన్ లేని ఒక బ్రిటిష్ చెక్క విమానం కూలిపోయింది. దాన్ని తాడుతో లాక్కొచ్చిన హాలిఫాక్స్ బాంబర్ కొద్ది దూరం పోయి ఇంకో కొండను గుద్దుకుంది. అదే రాత్రి అక్కడికి ఉత్తరాన, లీసెఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ పక్కన ఉన్న మంచు కొండల్లో రెండో గ్లైడర్ కూడా నేలకూలింది. బ్రిటిష్ సైన్యం గ్లైడర్లతో చేసిన మొట్టమొదటి దాడి ఇదే. పేరు ఆపరేషన్ ఫ్రెష్‌మన్. 41 మంది చనిపోయారు.

ఈ సంఘటనను చాలాచోట్ల ఒక్క ముక్కలో చెప్పేస్తారు: వాతావరణం బాగాలేక గ్లైడర్లు కూలి 41 మంది చనిపోయారని. ఈ ముక్క చదివిన ప్రతిసారీ నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే అది నిజం కాదు. రెండు గ్లైడర్లలో కలిపి 34 మంది, కూలిన బాంబర్‌లో 7 మంది ఉన్నారు. బాంబర్‌లో ఉన్న ఏడుగురూ అక్కడికక్కడే పోయారు. హెల్లెలాండ్ గ్లైడర్‌లో ఉన్న 17 మందిలో కూలినప్పుడు పోయింది ముగ్గురు. లీసెఫ్యోర్డ్ గ్లైడర్‌లో ఉన్న 17 మందిలో పోయింది ఎనిమిది మంది. అంటే ప్రమాదం బలిగొన్నది 18 మందిని. మిగతా 23 మంది కూలిన విమానాల నుంచి ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్లను జర్మన్లు చంపారు.

ఈ 18, 23 అంకెల మధ్య ఉన్న తేడా అర్థం కావాలంటే కథను మూడు ముక్కలుగా విడదీసి చూడాలి. అసలు గ్లైడర్ ఎందుకు పంపారు? అది ఎందుకు కూలింది? బతికినవాళ్లను ఎందుకు చంపారు? ఈ మూడింటికీ జవాబులు వేరు, బాధ్యులు వేరు.

భారజలం కోసం

వాళ్ల గురి ర్యూకాన్ పట్టణం దగ్గర లోయ అంచున ఉన్న వేమోర్క్ జలవిద్యుత్ కేంద్రం, దాని పక్కనే ఉన్న నోర్స్క్ హైడ్రో కంపెనీ కర్మాగారం. ఎరువుల తయారీకి కావలసిన హైడ్రోజన్ కోసం అక్కడ నీటిని కరెంటుతో విడగొట్టేవారు. ఆ పనిలో భాగంగానే 1934 నుంచి అక్కడ భారజలం కూడా తయారవుతోంది. మామూలు నీటిలో ఉండే హైడ్రోజన్ పరమాణువుల్లో సుమారు 6,400కి ఒకటి మాత్రమే బరువైన రకం, డ్యుటీరియం. ఆ డ్యుటీరియంతో ఏర్పడిన నీరే భారజలం. దాన్ని వేరుచేసి పోగుచేయాలంటే అంతులేనంత కరెంటు కావాలి. అంత కరెంటు చవకగా దొరికి, భారజలం పెద్ద ఎత్తున తయారయ్యే చోటు అప్పట్లో యూరప్‌లో వేమోర్కే.

తెలుగువాళ్లకు భారజలం మరీ తెలియని వస్తువేం కాదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో మణుగూరు దగ్గర, అశ్వాపురంలో, భారజల కర్మాగారం ఉంది. అక్కడి పద్ధతి వేరు, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు సాయంతో వేరుచేస్తారు. కానీ అవసరం ఒకటే. సహజ యురేనియంతో అణు రియాక్టర్ నడపాలంటే న్యూట్రాన్ల వేగం తగ్గించాలి. మామూలు నీళ్లు వేగం తగ్గిస్తాయి గానీ న్యూట్రాన్లను చాలావరకు మింగేస్తాయి. భారజలం మింగకుండా నెమ్మదింపజేస్తుంది. జర్మన్ శాస్త్రవేత్తలు ఇదే పనికి గ్రాఫైట్ వాడే దారి వదిలేసి భారజలాన్నే నమ్ముకున్నారు. 1940లో నార్వే జర్మన్ల చేతికి చిక్కింది. ఆ తర్వాత వేమోర్క్‌లో ఉత్పత్తి పెంచమని ఒత్తిడి మొదలైంది. ఈ కబురు లండన్ చేరినప్పుడు, జర్మన్లు అణుబాంబు చేస్తారేమోనని అక్కడ కంగారు పుట్టిందంటే ఆశ్చర్యం లేదు. జర్మన్ల అణు పని నిజానికి ఎంత వెనకబడి ఉందో 1942లో మిత్రదేశాలకు తెలియదు.

బాంబులేసి కర్మాగారాన్ని కూల్చొచ్చు కదా అనిపిస్తుంది. అక్కడ రెండు చిక్కులు. భారజలాన్ని గాఢం చేసే తొట్లు భారీ కాంక్రీటు భవనం అడుగున, నేలమాళిగలో ఉన్నాయి. 1942 నాటి బాంబింగ్ గురి అంతలోతుకు చేరేది కాదు. పైగా ర్యూకాన్‌లో కార్మిక కుటుంబాలు ఉన్నాయి, కర్మాగారంలో అమ్మోనియా నిల్వలు ఉన్నాయి. గురి తప్పితే సొంత మిత్రదేశం జనాన్నే చంపినట్టవుతుంది. ఆ ఏడాదే వేమోర్క్ చీఫ్ ఇంజనీర్ యోమార్ బ్రూన్‌ను రహస్యంగా బ్రిటన్‌కు తీసుకొచ్చారు. ఏ తొట్టి ఎక్కడుందో, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో ఆయనకు తెలుసు. కాబట్టి మనుషులు లోపలికి వెళ్లి పేల్చాలని తేల్చారు.

మరి పారాషూట్ ఎందుకు వద్దన్నారు? దీనికీ అప్పట్లో ఒక లెక్క ఉంది. 30 మంది సైనిక ఇంజనీర్లు, వాళ్లతో బోలెడంత పేలుడు సామగ్రి. హార్డాంగెర్‌విడ్డా పీఠభూమి మీద రాత్రిపూట పారాషూట్లతో దూకితే చెల్లాచెదురవుతారు, సామాను ఎక్కడో పడుతుంది. వాళ్లు స్కీయింగ్‌లో పుట్టిపెరిగినవాళ్లు కారు. గ్లైడర్ అయితే మనుషులూ సామానూ ఒకేచోట దిగుతాయి. అక్టోబర్ 18నే నలుగురు నార్వే యువకుల బృందం పారాషూట్లతో దిగింది. దాని సంకేతనామం గ్రౌస్. గ్లైడర్లు దిగేచోట దీపాలు పెట్టి, రేడియో పరికరంతో దారి చూపడం వాళ్ల పని.

కాగితం మీద ఇది సబబుగానే కనిపిస్తుంది. దాడి ముగిశాక ఆ 30 మంది చలికాలంలో నార్వే కొండలు దాటి, నడుచుకుంటూ స్వీడన్ చేరాలన్న భాగం దగ్గరకొచ్చేసరికి మాత్రం నాకు గుండె ఆగినంత పనవుతుంది. భాష రాదు, దారి తెలియదు, వెంట జర్మన్లు. అయినా వీళ్లందరూ స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లే. రహస్యం బయటపడకుండా, అమెరికన్ ఇంజనీర్లతో ‘వాషింగ్టన్ కప్’ అనే పోటీ కోసం తయారవుతున్నామని తోటి సైనికులకు చెప్పేవారు.

తాడు, మంచు, మేఘం

ఆ రాత్రి వాడిన గ్లైడర్ల రకం పేరు హార్సా. అది పేరుకు గ్లైడర్ గానీ చిన్న వస్తువు కాదు. రెక్కల వెడల్పు 88 అడుగులు, పొడవు 67 అడుగులు. దాదాపు మొత్తం చెక్క, ప్లైవుడ్. నిండా ఎక్కిస్తే 7 టన్నుల దాకా బరువు. ఇంజన్ ఉండదు. ఇద్దరు పైలట్లు, స్టీరింగ్ వ్యవస్థ, ఇంజన్లున్న విమానం వెనక ఒక పొడవాటి తాడు. అంతే.

రోడ్డు మీద చెడిపోయిన కారును లారీకి తాడు కట్టి లాక్కెళ్లడం చూసే ఉంటారు. వెనక కారులో స్టీరింగ్ పట్టుకున్నవాడు నిద్రపోవడానికి లేదు. తాడు వదులైతే మళ్లీ బిగిసేటప్పుడు కుదుపు వస్తుంది, ఎక్కువ కుదిపితే తెగుతుంది. గాలిలో పని ఇలాగే ఉంటుంది, కాకపోతే పక్కకే కాదు, పైకీ కిందికీ కూడా సరిచూసుకోవాలి. ముందు విమానం కంటికి కనిపిస్తూ ఉంటేనే అది సాధ్యం. మేఘంలోకి దూరితే అది మాయమవుతుంది. గ్లైడర్ పైలట్‌కు ఇక ఆధారం తాడు కనిపించినంత మేరే.

ఉత్తర స్కాట్లండ్‌లో విక్ పట్టణం దగ్గర స్కిట్టెన్ స్థావరం నుంచి నవంబర్ 19 సాయంత్రం, పావుగంట తేడాతో, రెండు జతలు లేచాయి. సముద్రం మీదుగా ఇంత దూరం, రాత్రిపూట, బరువైన గ్లైడర్‌ను ఎవరూ అంతకుముందు లాగలేదు. అంత శక్తి ఉన్న బ్రిటిష్ విమానాల్లో చేతికందినది హాలిఫాక్స్. దానికీ ఇది తలకు మించిన బరువే. ఆ రోజే ఎందుకు? వెన్నెల కావాలి, వెన్నెల రోజులు కొన్నే ఉంటాయి. గ్రౌస్ బృందం కూడా తమ దగ్గర ఆకాశం బాగుందని కబురు పంపింది. వాళ్లు చెప్పింది నిజమే, వాళ్ల తలమీద ఆకాశం బాగానే ఉంది. కానీ స్కాట్లండ్ నుంచి అక్కడిదాకా ఉన్న దారంతటి వాతావరణం కొండమీద నిలబడ్డ నలుగురికి ఎలా తెలుస్తుంది?

మొదటి హాలిఫాక్స్ ఎత్తుగా ఎగిరి నార్వే తీరం దాటింది. విమానంలో రెబెక్కా అనే పరికరం, నేలమీద గ్రౌస్ దగ్గర యురేకా అనే జత పరికరం ఉన్నాయి. ఒకటి పిలిస్తే రెండోది బదులివ్వాలి, ఆ బదులును బట్టి దిగే చోటు దొరకాలి. విమానంలోని రెబెక్కా పనిచేయలేదు. దాంతో మ్యాపు ఒక్కటే మిగిలింది. మంచు కప్పిన కొండలు, లోయలు, గడ్డకట్టిన చెరువులు రాత్రిపూట పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. కింద ఎదురుచూస్తున్న గ్రౌస్ బృందానికి ఇంజన్ చప్పుడు వినిపించింది. పైనున్నవాళ్లకు కిందివాళ్లు కనబడలేదు. ఈ ఒక్క వాక్యం దగ్గర నేను ప్రతిసారీ కాసేపు ఆగిపోతాను.

మళ్లీ ప్రయత్నిద్దామని తిరిగేలోపు విమానం మేఘంలో చిక్కుకుంది. రెక్కల మీద, తాడు మీద మంచు పేరుకోవడం మొదలైంది. రెక్క మీద మంచు పేరుకుంటే బరువు పెరగడం ఒక్కటే కాదు, రెక్క ఆకారమే మారిపోయి, పైకి లేపే శక్తి పడిపోతుంది. మేఘం పైకి ఎగిరి తప్పించుకుందామంటే వెనక 7 టన్నులు వేలాడుతున్నాయి. ఇంధనం చూస్తే తిరిగి ఇల్లు చేరడానికే బొటాబొటి. వెనక్కి తిప్పి తీరం వైపు వస్తుంటే మంచు పట్టిన తాడు తెగింది. తాడు తెగిన హార్సాకు గాలిలో కొద్ది నిమిషాలే ఆయుష్షు. ఆ కొద్ది నిమిషాల్లో, చీకట్లో, మేఘం కింద ఏముందో తెలియకుండా, కొండల మధ్య చదును వెతుక్కోవాలి. అది లీసెఫ్యోర్డ్ పక్కన ఫిల్యెస్‌దాలెన్ దగ్గర కూలింది. హాలిఫాక్స్ ఇంధనం దాదాపు అయిపోతుండగా స్కాట్లండ్ చేరింది.

గ్లైడర్ సముద్రంలో పడిందని ఆ విమానం రేడియోలో చెప్పింది. ఆ సందేశం వచ్చిన దిక్కుల్ని కలిపి లెక్కేస్తే మాత్రం విమానం దక్షిణ నార్వే కొండల మీద ఉన్నట్టు తేలింది. నిజానికి గ్లైడర్ పడింది కొండల్లోనే. తమ కింద ఉన్నది నేలో నీళ్లో కూడా తెలియనంత అయోమయంలో ఆ సిబ్బంది ఉన్నారని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఎగెర్సుండ్ జత సంగతి ఇంకా మసకగా ఉంటుంది. ఆ గ్లైడర్‌ను నడిపింది ఆస్ట్రేలియా వైమానిక దళానికి చెందిన ఇద్దరు పైలట్లు. ఎగెర్సుండ్ దగ్గర తీరం దాటాక కొద్దిసేపటికే గ్లైడర్, ఆ వెంటనే విమానం కూలాయి. విమానంలో ఒక్కరూ మిగల్లేదు, గ్లైడర్ పైలట్లిద్దరూ పోయారు. కాబట్టి తాడు తెగిందా, పైలట్లే వదిలారా, విమానం ప్రమాదంలో ఉందని తెలిసి విడిపోయారా అని చెప్పగలిగినవాళ్లు లేరు. ఫలానావాళ్ల పొరపాటని తేల్చేసే కథనాలు కనిపిస్తే నమ్మకండి. చనిపోయినవాళ్ల మీద తేలిగ్గా నింద వేయడమే అది.

కాబట్టి కూలడం వరకు ఇది ప్రమాదం. తెలిసి తెలిసి తీసుకున్న పెద్ద రిస్కు, సిద్ధంకాని పరికరం, మంచు, చీకటి. దీనికి బాధ్యత ప్రణాళిక వేసిన బ్రిటిష్ అధికారుల మీద కొంత తప్పకుండా ఉంది. యుద్ధంలో గ్లైడర్లు ఇలా నేలకూలడం తర్వాత కూడా జరిగింది. 1944 సెప్టెంబర్ 17న నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్ మీద దాడికి బయల్దేరిన ఒక హార్సా ఇంగ్లండ్‌లోనే, సోమర్‌సెట్‌లోని పాల్టన్ అనే చిన్న ఊరి దగ్గర, గాలిలోనే రెండు ముక్కలై 23 మందీ చనిపోయారు. వాళ్లలో 21 మంది 9వ ఫీల్డ్ కంపెనీ ఇంజనీర్లు. నార్వే వెళ్లినవాళ్లలో చాలామంది కూడా ఆ కంపెనీవాళ్లే. పాల్టన్‌లో జరిగింది పూర్తిగా ప్రమాదం. ఎగెర్సుండ్‌లో జరిగింది అది కాదు.

బతికినవాళ్లు

హెల్లెలాండ్ కొండమీద 14 మంది ప్రాణాలతో ఉన్నారు. కొందరికి గాయాలు. సాయం కోసం కిందికి దిగి రైతుల ఇళ్లు వెతుక్కుంటూ వెళ్లారు. స్వీడన్ చాలా దూరం. గాయపడినవాళ్లను మంచులో వదిలేసి పారిపోవడం వాళ్ల వల్ల కాలేదు. డాక్టర్ కావాలంటే జర్మన్లకు కబురు వెళ్లక తప్పదు. తాము బ్రిటిష్ యూనిఫాంలో ఉన్న సైనికులం, లొంగిపోతే యుద్ధ ఖైదీలుగా చూస్తారు అని వాళ్లు అనుకున్నారు. అలా అనుకోవడం అమాయకత్వం కాదు. యుద్ధ చట్టం చెప్పేది అదే. ఆయుధం కింద పెట్టి లొంగినవాణ్ణి చంపకూడదని, ఎవరినీ ప్రాణాలతో వదలం అని ప్రకటించడం కూడా నేరమని 1907 హేగ్ నిబంధనలు రాసి పెట్టాయి. జర్మనీ కూడా దానికి కట్టుబడిన దేశమే.

వాళ్లకు తెలియనిది ఒక్కటే. సరిగ్గా నెల కిందట, అక్టోబర్ 18న, గ్రౌస్ బృందం దిగిన రోజే, హిట్లర్ ఒక రహస్య ఉత్తర్వు మీద సంతకం చేశాడు. దాన్ని కమాండో ఉత్తర్వు అంటారు. దాడులకొచ్చే కమాండోలు యూనిఫాంలో ఉన్నా, ఆయుధం ఉన్నా లేకపోయినా, లొంగిపోయినా సరే, ఒక్కణ్ణి కూడా మిగల్చకుండా చంపాలని అందులో ఉంది. అతికొద్ది ప్రతులే తీసి పై అధికారులకు పంపారు. చేస్తున్న పని చట్టానికి విరుద్ధమని రాసినవాళ్లకు తెలుసు అనడానికి ఆ రహస్యమే సాక్ష్యం.

14 మందిని ఎగెర్సుండ్ పక్కనే ఉన్న స్లెట్టెబో సైనిక శిబిరానికి తీసుకెళ్లారు. నవంబర్ 20న, అంటే కూలిన మర్నాడే, అక్కడే కాల్చి చంపారు. గాయపడినవాళ్లను కూడా.

తర్వాత జరిగింది చదివితే ఒళ్లు మండుతుంది. నార్వేలో ఎస్.ఎస్. (నాజీ పార్టీ సాయుధ దళం), పోలీసు అధిపతి విల్హెల్మ్ రెడీస్ బెర్లిన్‌కు ఫిర్యాదు పంపాడు. ఖైదీలను చంపారన్నది అతని బాధ కాదు. విచారించకముందే చంపేశారన్నది అతని బాధ. ఈ పేచీ ఫలితం లీసెఫ్యోర్డ్ గ్లైడర్ వాళ్ల మీద పడింది. అక్కడ ప్రాణాలతో దొరికిన తొమ్మిది మందిలో గాయాల్లేని ఐదుగురిని ఓస్లో దగ్గరి గ్రీని శిబిరానికి తీసుకెళ్లి వారాల తరబడి విచారించారు. 1943 జనవరి 18న ట్రాండుమ్ అడవిలో కాల్చి చంపారు. తీవ్రంగా గాయపడిన నలుగురిని స్టావంగెర్‌లో నాజీల రహస్య పోలీసు, గెస్టపో, తన చేతుల్లోకి తీసుకుంది. ఒక జర్మన్ డాక్టరు చేతి ఇంజెక్షన్లతో, గొంతు నులిమి వాళ్లను చంపి, శవాలను సముద్రంలో పడేశారు. ఆ నలుగురి శరీరాలు ఇప్పటికీ దొరకలేదు. స్లెట్టెబోలో చనిపోయినవాళ్ల సమాధులు స్టావంగెర్‌లోని ఐగానెస్ శ్మశానంలో, ట్రాండుమ్ ఐదుగురివి ఓస్లోలో, హాలిఫాక్స్ సిబ్బందివి హెల్లెలాండ్ చర్చి ఆవరణలో ఉన్నాయి.

దాడి రహస్యం బయటపడ్డాక

శిథిలాల్లో జర్మన్లకు ఒక మ్యాపు దొరికింది. దాని మీద వేమోర్క్ చుట్టూ గీత గీసి ఉంది. దాంతో అక్కడ కాపలా పెంచారు, ముళ్లకంచెలు, మందుపాతరలు వేశారు. గ్రౌస్ నలుగురూ పీఠభూమి మీద చిక్కుకుపోయారు. తిండి అయిపోతే రెయిన్‌డీర్లు తినే నాచు ఉడకబెట్టుకుని రోజులు గడిపారు. చివరికి క్రిస్మస్ ముందు ఒక రెయిన్‌డీర్ దొరికింది.

1943 ఫిబ్రవరిలో యోవాకిమ్ రోన్నెబెర్గ్ నాయకత్వంలో ఆరుగురు నార్వే సైనికులు పారాషూట్లతో దిగి, గ్రౌస్ వాళ్లతో కలిసి, 27-28 తేదీల మధ్య రాత్రి లోయలోకి దిగి మళ్లీ ఎక్కి కర్మాగారంలోకి దూరారు. ఒక్క తూటా పేల్చకుండా భారజలం తొట్లను పేల్చేశారు. ప్రపంచానికి తెలిసిన కథ ఇదే. అందులో ఫ్రెష్‌మన్ సాధారణంగా ఒక పేరాలో, ‘ముందు ఒక ప్రయత్నం విఫలమైంది’ అని వస్తుంది. ఆ విఫలం నుంచే పాఠం నేర్చుకున్నారన్నది నిజం: తక్కువమంది, స్థానికులు, స్కీయింగ్ వచ్చినవాళ్లు, గ్లైడర్ లేకుండా. అంతమాత్రాన ఆ 41 మందిని వేరొకరి విజయానికి పీఠికగా మార్చేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

యుద్ధం ముగిశాక విచారణలు జరిగాయి. స్టావంగెర్ హత్యల కేసులో డాక్టర్ వెర్నర్ జీలింగ్‌కు, ఎరిక్ హాఫ్‌మన్‌కు బ్రిటిష్ సైనిక కోర్టు మరణశిక్ష వేసింది, అమలైంది. హిట్లర్ కమాండో ఉత్తర్వును జర్మన్ సైన్యానికి చేరవేసిన వరుసలోని జనరల్ ఆల్ఫ్రెడ్ యోడ్ల్‌ను న్యూరెంబర్గ్‌లో ఉరితీశారు. అతని మీద మోపిన నేరాల్లో కమాండో ఉత్తర్వు కూడా ఉంది. నార్వేలో జర్మన్ సైన్యాధిపతి నికొలాస్ ఫోన్ ఫాల్కెన్‌హోర్స్ట్ పైనుంచి వచ్చిన ఆజ్ఞ పాటించానని వాదించాడు. 1946లో బ్రున్స్‌విక్‌లో కూర్చున్న బ్రిటిష్ కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు, మరణశిక్ష వేసింది. చట్టవిరుద్ధమని స్పష్టంగా తెలిసే ఆజ్ఞను పాటించినవాడు ఆజ్ఞ చాటున దాక్కోలేడన్నదే అక్కడి తీర్పు సారం. కానీ తర్వాత ఆ శిక్షను 20 ఏళ్ల జైలుగా తగ్గించారు. ఆరోగ్యం బాగాలేదని 1953లో విడిచిపెట్టారు. అతను 1968 దాకా బతికాడు. స్లెట్టెబోలో గాయపడినవాళ్లకు ఒక్క రోజు గడువు కూడా ఇవ్వని సైన్యానికి అధిపతిగా ఉన్నవాడికి ఆరోగ్యం పేరుతో దయ చూపడం, నా దృష్టిలో, ఆ కోర్టు తీర్పును సగం కొట్టేసినట్టే.